ఎనిమిది మంది గోబ్లిన్లు, ఒక్క టర్న్: గుంపు ఇనీషియేటివ్ మీద నా ప్రాజెక్టు డైరీ

మొదటి వారం

ఈ డైరీ ఒక విజార్డ్ చావుతో మొదలైంది. మేం ఆడేది డంజియన్స్ అండ్ డ్రాగన్స్, టేబుల్ చుట్టూ కూర్చుని పాత్రలు ధరించి పాచికలతో ఆడే కథల ఆట, 5వ ఎడిషన్, 2014లో వచ్చిన నియమాలతోనే. డీఎం నేను, అంటే కథ నడిపి శత్రువులందరినీ ఆడించేది నేనే. ప్లేయర్లు నలుగురు: ఫైటర్ (యోధుడు), క్లెరిక్ (గాయాలు మాన్పే పూజారి), రోగ్ (దొంగ), విజార్డ్ (మాంత్రికురాలు), అందరూ మూడో లెవెల్. పాడుబడ్డ కోటలో ఎనిమిది మంది గోబ్లిన్లు ఎదురయ్యారు. ఒకే రకం మాన్‌స్టర్లు గుంపుగా ఉంటే డీఎం అన్నిటికీ కలిపి ఒక్కసారి ఇనీషియేటివ్ (పోరాటంలో ఎవరి టర్న్ ముందో తేల్చే పాచిక) వేస్తే చాలు, అన్నీ ఒకే చోట ఆడతాయి అని నియమాల్లో ఉంది కాబట్టి నేనూ అలాగే వేశాను. డీ20 (ఇరవై ముఖాల పాచిక) మీద 19 పడింది, గోబ్లిన్‌కి ఉన్న +2 కలిపితే 21. నలుగురిలో ఎవరికీ అంత రాలేదు.

విజార్డ్ అందరికంటే ముందు నిలబడి ఉంది. ఎనిమిది మందీ ఆమెను చుట్టుముట్టారు. మొదటి ఆరు దెబ్బల్లో నాలుగు తగిలాయి, ఆమెకున్న 20 హిట్ పాయింట్లూ (ప్రాణ బలం) అయిపోయాయి, కింద పడిపోయింది. ఇంకా ఇద్దరు గోబ్లిన్లు మిగిలారు, వాళ్ల దెబ్బలూ తగిలాయి. స్పృహ తప్పిన వాళ్లని పక్కనే నిలబడి కొడితే తగిలిన ప్రతి దెబ్బా క్రిటికల్ (మామూలు కంటే గట్టి దెబ్బ), ఒక్కో క్రిటికల్‌కి డెత్ సేవ్‌లో (చావుబతుకుల లెక్కలో) రెండు ఫెయిల్యూర్లు, మూడు చేరితే ప్రాణం పోయినట్టే. అక్కడ నాలుగు చేరాయి. క్లెరిక్ దగ్గర హీలింగ్ వర్డ్ అనే మంత్రం ఉంది, 60 అడుగుల దూరం నుంచి బోనస్ యాక్షన్‌తో (టర్న్‌లో చేయగల అదనపు చిన్న పనితో) ఆమెను లేపగలిగేవాడు, కానీ ఆ మంత్రం వేయాలంటే ముందు అతని టర్న్ రావాలి. ఎవరి టర్నూ రాకముందే అంతా అయిపోయింది.

ఆట ఆపాక ఆమె నన్ను అడిగింది: "నేను చేసిన తప్పేంటో చెప్పు, ఇంకోసారి చేయను." నా దగ్గర జవాబు లేదు. ఆమె ఏ తప్పూ చేయలేదు, అసలు ఏదైనా చేసే అవకాశమే ఆమెకి రాలేదు. చివరి ఇద్దరు గోబ్లిన్లని నేను ఇంకొకరి మీదికి పంపి ఉండొచ్చు, ఆ రోజుకి ఆమె బతికేది. కానీ అలా ప్రతిసారీ డీఎం దయ తలిస్తేనే బతికేలా ఉంటే ఆ పోరాటంలో ప్లేయర్ల తెలివికి విలువ ఉండదని నాకు గట్టిగా అనిపించింది.

ఇంటికెళ్లి లెక్క వేశాను, మనసు ఊరుకోలేదు. మేజ్ ఆర్మర్ అనే రక్షణ మంత్రంతో ఆమె ఆర్మర్ క్లాస్ 15, అంటే దెబ్బ తగలాలంటే పాచికా బోనసూ కలిపి కనీసం 15 రావాలి. గోబ్లిన్ దాడికి +4, అంటే పాచికలో 11 గానీ ఆపైన గానీ పడితే తగులుతుంది, సరిగ్గా సగం అవకాశం. తగిలిన దెబ్బకి సగటున 5.5 డ్యామేజ్. ఎనిమిది మంది కొడితే సగటున నాలుగు తగులుతాయి, 22 డ్యామేజ్. ఆమెకున్నవి 20. అంటే ఇది ఆ రోజు పాచికలు పగబట్టడం వల్ల జరిగింది కాదు, మామూలుగా పడ్డా ఇంతే. ఇనీషియేటివ్‌లో గుంపు ముందు వచ్చిందంటే చాలు. నలుగురు ప్లేయర్లు, ఒక గుంపు, అందరికీ బోనస్ ఒకటే అనుకుంటే ఆ గుంపు అందరికంటే ముందు వచ్చే అవకాశం 5లో ఒకటి. ప్రతి ఐదు పోరాటాల్లో ఒకటి ఇలా మొదలవడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

నోట్‌బుక్ మొదటి పేజీలో ఇలా రాసుకున్నాను: ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ప్లేయర్లకి సందు దొరకాలి. దాని కోసం నా పని రెట్టింపు కాకూడదు. తర్వాత ఎవరు ఆడతారో టేబుల్ చుట్టూ ఉన్న అందరికీ ఎప్పుడూ కనిపించాలి.

రెండో వారం

అందరికీ ముందు తట్టే ఉపాయంతోనే మొదలుపెట్టాను: ఒక్కో గోబ్లిన్‌కి విడిగా ఇనీషియేటివ్. టోకెన్ల మీద 1 నుంచి 8 దాకా స్టిక్కర్లు అంటించాను. గట్టి కాగితాన్ని రెండుగా మడిచి పన్నెండు కార్డులు చేసి, డీఎం స్క్రీన్ పైఅంచు మీద వరసగా తగిలించాను, పేరు రెండు వైపులా రాశాను కాబట్టి వాళ్లకీ నాకూ కనిపిస్తుంది. ఈ కార్డుల పద్ధతి మాత్రం చాలా బాగుంది. ఇంకే మార్పూ చేయకుండా ఇది ఒక్కటి చేసినా ఆట మెరుగవుతుంది, ఎందుకంటే తన కార్డు దగ్గర పడుతుంటే ప్లేయర్ ముందే ఆలోచించుకుంటాడు.

అవకాశాల లెక్క కూడా ఎంతో నయం. ఎనిమిది మందికీ విడివిడిగా వేస్తే ఆ ఎనిమిది మందీ నలుగురు ప్లేయర్ల కంటే ముందు రావడం 495లో ఒక్కసారి. మొదటి వారం నాటి ప్రమాదం దాదాపు లేనట్టే.

కానీ ఆట నడక చచ్చిపోయింది. ఒక ప్లేయర్ టర్న్ నుంచి మళ్లీ అతని టర్న్ వచ్చేదాకా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. గుంపుగా ఆడిస్తే ఏడు నిమిషాలు పట్టిన రౌండ్ ఇప్పుడు పావుగంట. వేసే పాచికల సంఖ్య మారలేదు, అవే ఎనిమిది దాడులు, మరి ఎనిమిది నిమిషాలు ఎక్కువ ఎక్కడ పోయాయి? పక్కనుంచి గమనిస్తే తెలిసింది, టైమ్ తినేది పాచిక కాదు, మారడం. ఐదో నంబర్ గోబ్లిన్ ఎక్కడున్నాడో వెతకాలి, వాడి హిట్ పాయింట్లు చూడాలి, వాడు ఏం చేద్దామనుకున్నాడో గుర్తు తెచ్చుకోవాలి, వాడి పని అవగానే ఫైటర్ వైపు తిరగాలి, మళ్లీ రెండో నంబర్ దగ్గరికి రావాలి. నలుగురు గోబ్లిన్లు కలిసి వస్తే నాలుగు డీ20లు గుప్పిట్లో పట్టుకుని ఒకేసారి విసరొచ్చు, ఆ సౌకర్యం ఇక్కడ లేదు.

ఇంకో లోటు ఏంటంటే గోబ్లిన్లు గుంపులా అనిపించలేదు. ఒకడు ముందుకు దూకుతాడు, మధ్యలో క్లెరిక్ ఆడతాడు, ఇంకొకడు ఎటో పరిగెడతాడు. కలిసి వేటాడే జీవుల్లా లేరు, ఒకరితో ఒకరికి సంబంధం లేని ఎనిమిది మందిలా ఉన్నారు.

మూడో వారం

పాత పద్ధతి ఒకటి ప్రయత్నించాం. 1981లో వచ్చిన బేసిక్ నియమాల్లో రెండు పక్షాలూ చెరో ఆరుముఖాల పాచిక వేస్తాయి, ఎక్కువ పడ్డ పక్షం మొత్తం ముందు ఆడుతుంది, ప్రతి రౌండ్‌కీ మళ్లీ వేయాలి. సమానంగా పడితే మేం తిరిగి వేశాం.

నాకు నచ్చింది ప్లేయర్లు మాట్లాడుకోవడం. "నువ్వు తలుపు మూసేయ్, నేను వెనక నుంచి వస్తా" అంటూ నలుగురూ కలిసి పథకం వేసుకున్నారు, అంత కలివిడిగా వాళ్లని అంతకు ముందు చూడలేదు. కానీ ఒక రౌండ్‌లో వెనక ఆడిన గోబ్లిన్లు తర్వాతి రౌండ్‌లో ముందు వచ్చారు. అంటే ఎనిమిది మంది వరసగా రెండుసార్లు, పదహారు దాడులు. సమానం పడినప్పుడు తిరిగి వేస్తున్నాం కాబట్టి ఏ రెండు రౌండ్ల మధ్యనైనా శత్రువులకి ఇలా జోడు టర్న్ దొరికే అవకాశం 4లో ఒకటి. నేను తీసేయాలనుకున్న సమస్యే ఇక్కడ రెట్టింపై తిరిగొచ్చింది. ఆ పద్ధతి ఒక్క రోజుతో ఆపేశాను.

మిగతా ఆటలు ఈ పని ఎలా చేస్తాయో కూడా ఈ వారమే చూశాను. సావేజ్ వరల్డ్స్‌లో పాచికలు లేవు, జోకర్లతో కలిపి 54 ముక్కల పేకకట్ట నుంచి ప్రతి రౌండ్‌కీ పంచుతారు, చిన్నా చితకా శత్రువుల గుంపుకి ఒకే ముక్క. షాడో ఆఫ్ ది డెమన్ లార్డ్‌లో ఇనీషియేటివ్ అనేదే వేయరు: తొందరగా ఆడాలనుకుంటే తక్కువ పని, నిదానంగా ఆడితే ఎక్కువ పని, రెండింట్లోనూ ప్లేయర్లే ముందు. రెండూ చక్కటి ఆలోచనలే. కానీ మా ప్లేయర్లు ఇనీషియేటివ్ బోనస్‌ని లెక్కలో పెట్టుకునే క్యారెక్టర్లు తయారు చేసుకున్నారు, రోగ్ అయితే దాని కోసమే డెక్స్టెరిటీ (చురుకుదనం) పెంచుకున్నాడు. కథ మధ్యలో ఆ విలువ తీసేయడం అన్యాయం. అందుకే మా ఆట ఎముకలు విరగ్గొట్టకుండా పైపైన మార్చే దారే వెతకాలని నిర్ణయించుకున్నాను.

నాలుగో వారం

గోబ్లిన్లని రెండు గుంపులుగా విడగొట్టాను. టోకెన్ అడుగున నలుగురికి ఎర్ర రంగు, నలుగురికి నీలం. రెండు గుంపులకీ విడిగా ఇనీషియేటివ్. రెండు గుంపులూ నలుగురు ప్లేయర్ల కంటే ముందు వచ్చే అవకాశం 15లో ఒకటికి దిగింది, నా పని మాత్రం ఒక కార్డు పెరిగిందంతే. ఇదే సరైనదని సంబరపడ్డాను.

మొదటి రౌండ్‌లో ఎరుపు అందరికంటే ముందు, నీలం అందరికంటే చివర వచ్చింది. చక్కగా దూరదూరంగా పడ్డాయి అనుకున్నాను. రెండో రౌండ్ మొదలవగానే అర్థమైంది: చివర నీలం ఆడింది, వెంటనే రౌండ్ మారింది, వెంటనే ఎరుపు. మధ్యలో ఒక్క ప్లేయర్ కూడా లేడు. ఎనిమిది మంది గోబ్లిన్లు మళ్లీ ఒక్కటే గుంపు.

ఆ రాత్రి నోట్‌బుక్‌లో వరసని పైనుంచి కిందికి రాయకుండా గుండ్రంగా రాసి చూశాను. ఈ ప్రాజెక్టులో నాకు నిజంగా కళ్లు తెరుచుకున్నది అక్కడే. ఇన్నేళ్లుగా ఇనీషియేటివ్‌ని జాబితాలా చూస్తున్నాను, అది జాబితా కాదు, చక్రం. పైనున్న పేరుకీ కిందున్న పేరుకీ మధ్య దూరం లేదు, అవి పక్కపక్కనే ఉన్నాయి. అలా చూస్తే, గుంపు ఒక్కటే ఉన్నప్పుడు పాచికలో 2 పడినా 20 పడినా మొదటి రౌండ్ దాటాక తేడా ఏమీ లేదు: నలుగురు ప్లేయర్లు, ఆ తర్వాత గుంపు మొత్తం, మళ్లీ నలుగురు, మళ్లీ గుంపు. అంటే ఇన్నాళ్లూ మేం ఆడింది కూడా మూడో వారం నాటి పక్షాల పద్ధతిలాంటిదే, పాచిక ఒక్కసారే వేస్తున్నాం అంతే.

చక్రం మీద రెండు గుంపులు ఎన్ని రకాలుగా కూర్చోవచ్చో లెక్కపెట్టాను. ఆరు చోట్లు, రెండు గుంపులు, మొత్తం 15 రకాలు. ఆరింటిలో రెండు గుంపులూ అంటుకుని ఉంటాయి, ఇంకో ఆరింటిలో ఒక వైపు ఒక ప్లేయర్, రెండో వైపు ముగ్గురు, మిగిలిన మూడింటిలో మాత్రమే అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. అంటే పాచికకి వదిలేస్తే నూటికి 40 సార్లు గుంపుని విడగొట్టిన ఫలితమే ఉండదు. నాకు కావలసిన సమానమైన పంపకం నూటికి 20 సార్లే.

ఇదే చక్రం నా ఇంకో తప్పుని కూడా బయటపెట్టింది. గుంపుని విడగొడితే ఫైటర్‌కి లాభం అనుకున్నాను: ఎనిమిది మంది ఒకేసారి పక్కనుంచి పరిగెడితే అతని దగ్గర ఒక్క రియాక్షనే (ఇంకొకరి టర్న్‌లో చేయగల పని) ఉంటుంది, ఒక్కరి మీదే ఆపర్చ్యునిటీ అటాక్ (దాటిపోయేవాళ్లని కొట్టే దెబ్బ) చేయగలడు, రెండు గుంపులైతే ఇద్దరిని కొట్టొచ్చు కదా అని. గుండ్రంగా గీస్తే అది నిజం కాదని తేలింది. రియాక్షన్ తిరిగి వచ్చేది అతని టర్న్ మొదట్లో. అతని ఒక టర్న్‌కీ తర్వాతి టర్న్‌కీ మధ్య ఎరుపూ ఆడుతుంది, నీలమూ ఆడుతుంది, రియాక్షన్ మాత్రం ఒకటే. మొదటి రౌండ్‌లో, అదీ అతనికి ముందొక గుంపు, వెనకొక గుంపు పడితేనే అదనంగా ఒకటి దొరుకుతుంది. ఫైటర్‌కి ఈ లాభం గురించి ముందే గొప్పగా చెప్పేశాను, కాబట్టి తర్వాతి వారం టేబుల్ దగ్గర కూర్చోగానే ఆ మాట సరిదిద్దాను.

ఐదో వారం

సమానమైన పంపకమే కావాలంటే రెండో గుంపుకి పాచిక ఎందుకు? ఎరుపుకి మామూలుగా వేయాలి, దాని చోటు పాచిక చెప్పినట్టే. నీలాన్ని చక్రం మీద సరిగ్గా ఎదురుగా పెట్టేయాలి, అంటే ఎరుపు తర్వాత ఇద్దరు ప్లేయర్లు, ఆ తర్వాత నీలం. ఒకే పాచిక, రెండు చోట్లు. ఉదాహరణకి క్లెరిక్ 18, ఎరుపు 15, ఫైటర్ 13, రోగ్ 12, విజార్డ్ 6 వస్తే, వరస క్లెరిక్, ఎరుపు, ఫైటర్, రోగ్, నీలం, విజార్డ్. విజార్డ్ తర్వాత క్లెరిక్ ఆడాకే మళ్లీ ఎరుపు. ఏ వైపు చూసినా మధ్యలో ఇద్దరున్నారు.

రోగ్ ఆడేవాడు వెంటనే అడిగాడు, "మరి నేను 22 వేసినా నీలం నాకంటే ముందు దూరిపోతుందా?" అని. న్యాయమైన ప్రశ్న. ఎరుపు ఐదు చోట్లలో ఎక్కడ పడితే నీలం ఎక్కడికి వెళ్తుందో అతని ఎదురుగానే రాసి చూశాం. అందరికంటే ఎక్కువ వేసిన ప్లేయర్‌ని ఎరుపు పాచిక దాటితే తప్ప ఏ గుంపూ అతనికంటే ముందు రాదు. ఎరుపు మూడో ప్లేయర్ తర్వాత పడినప్పుడు మాత్రం నీలం మొదటి ప్లేయర్ తర్వాతే వచ్చేస్తుంది, అప్పుడు రెండో మూడో స్థానాల్లో ఉన్నవాళ్లు ఎరుపుని గెలిచి కూడా నీలం వెనక పడతారు. ఎరుపు అందరికంటే చివర పడితే మూడో నాలుగో స్థానాల్లో ఉన్నవాళ్లకీ ఇదే జరుగుతుంది. ఇది లోపమే. దాన్ని దాచకుండా చెప్పాను, దానికి బదులుగా ఎనిమిది మంది కలిసి మీద పడటం ఇక ఎప్పటికీ ఉండదని కూడా చెప్పాను. నలుగురూ ఒప్పుకున్నారు.

ఇక వస్తువు తయారీ. వరస చక్రమైతే దాన్ని చూపించే సాధనం కూడా చక్రంలాగే ఉండాలి కదా. దళసరి అట్ట మీద కంపాస్‌తో 24 సెంటీమీటర్ల వ్యాసం గల వృత్తం గీసి కోశాను. అంచు పొడవునా బట్టల క్లిప్పులు, క్లిప్పు మీద పేరు స్కెచ్ పెన్‌తో. ప్లేయర్లకి తెల్ల కాగితం అంటించిన క్లిప్పులు, గుంపులకి టోకెన్ల రంగువే. మధ్యలో అట్టతో చేసిన ముల్లు, గడియారం ముల్లులాగా, కింద నుంచి చిన్న బోల్టు ఎక్కించి పైన నట్టు బిగించాను. మొదట గుండుసూదితో చేస్తే ముల్లు తనంతట తానే జారిపోయింది, బోల్టుకి రెండు వైపులా వాషర్ వేశాక పెట్టిన చోట నిలబడుతోంది. రౌండ్ మొదలయ్యే చోట అంచు మీద ఒక నల్ల గీత, ముల్లు ఆ గీత దాటితే రౌండ్ పూర్తయినట్టు. మంత్రాల గడువు లెక్కపెట్టడానికి ఆ గీత ఒక్కటే చాలు, ఒక నిమిషం మంత్రమంటే పది సార్లు దాటడం.

క్లిప్పుల్లో గొప్ప సుఖం ఏంటంటే ఎవరైనా మధ్యలో చేరితే మిగతావాటిని జరిపే పని లేదు, సందులో గుచ్చేయడమే. చక్రాన్ని టేబుల్ మధ్యలో పెట్టాను, ముల్లు తిప్పే బాధ్యత ఎవరి టర్న్ అయిపోతే వాళ్లది. ఈ చిన్న మార్పుతో "ఇప్పుడు ఎవరిది?" అన్న ప్రశ్న పూర్తిగా పోయింది.

ఆరో వారం

తోడేళ్లతో పరీక్ష. ఆరు తోడేళ్లు, మూడేసి చొప్పున రెండు మందలు. తోడేలుకి ప్యాక్ టాక్టిక్స్ ఉంది: అది ఎవరి మీద దాడి చేస్తోందో వాళ్లకి 5 అడుగుల లోపల తనవాళ్లు ఇంకొకరు ఉంటే అడ్వాంటేజ్ (రెండు డీ20లు వేసి ఎక్కువది తీసుకోవడం). ఫైటర్ ఆర్మర్ క్లాస్ 18, తోడేలుకి +4, కాబట్టి మామూలుగా తగిలే అవకాశం నూటికి 35, అడ్వాంటేజ్‌తో 58కి దగ్గర.

గుంపుగా ఆడించేటప్పుడు డీఎంలు తెలియకుండానే చేసే పని ఒకటుంది, నేనూ చేశాను: ముందు మూడింటినీ జరిపేసి, తర్వాత మూడింటితో కరిపించడం. చేతికి సులువు. కానీ అలా చేస్తే మొదటి తోడేలుకి కూడా అడ్వాంటేజ్ వచ్చేస్తుంది, నిజానికి దాని టర్న్‌లో పక్కన ఇంకా ఎవరూ లేరు. ఒకే ఇనీషియేటివ్ ఉన్నంత మాత్రాన అందరిదీ కలిపి ఒకే టర్న్ కాదు, ఒకరి తర్వాత ఒకరు తమ టర్న్ పూర్తి చేస్తారు. అందుకే మా టేబుల్ మీద ప్రతి తోడేలూ కదిలి, కరిచి, ఆగాకే రెండోది కదులుతుంది. పాచికలు కలిపి విసరడం కొంత తగ్గింది, పర్వాలేదు. గోబ్లిన్లలాగా ఒకరి దాడి ఇంకొకరిని మార్చని వాటికి ఇప్పటికీ గుప్పిటతోనే విసురుతున్నాను.

ఎదురెదురు పంపకం విలువ ఇక్కడ బాగా కనిపించింది. తోడేలు కాటు తగిలితే బాధితుడు స్ట్రెంగ్త్ సేవ్ (బలంతో తట్టుకునే పాచిక) 11 వేయాలి, తప్పితే కింద పడతాడు. ఫైటర్ పడ్డాడు. ఒకే మంద అయితే మిగతా ఐదూ కింద పడ్డవాడి మీద అడ్వాంటేజ్‌తో కరిచేవి. ఇక్కడ మొదటి మంద అయిపోగానే అతని టర్న్ వచ్చింది, సగం నడక ఖర్చుపెట్టి లేచాడు, డాడ్జ్ (దెబ్బలు తప్పించుకోవడానికే యాక్షన్ వాడటం) తీసుకుని డాలు అడ్డం పెట్టాడు, రెండో మంద వచ్చేసరికి ప్యాక్ టాక్టిక్స్ అడ్వాంటేజ్, డాడ్జ్ వల్ల డిసడ్వాంటేజ్ (రెండు పాచికల్లో తక్కువది తీసుకోవడం), రెండూ కొట్టుకుపోయి మామూలు పాచిక మిగిలింది. అతను చేసిన ఆ ఒక్క నిర్ణయం వల్ల మూడు కాట్లలో ఒక్కటే తగిలింది. అతని ముఖం చూస్తే నాకు ఎంత తృప్తిగా అనిపించిందో.

ఏడో వారం

అస్థిపంజరాలు, పన్నెండు. ఇక్కడ ఇనీషియేటివ్ కంటే దాడుల సంఖ్యే బరువు. ఆరేసి చొప్పున రెండు గుంపులు చేసి, డీఎం గైడ్‌లో ఉన్న మూక దాడి పట్టిక వాడాను. ఆర్మర్ క్లాస్ నుంచి దాడి బోనస్ తీసేస్తే పాచికలో ఎంత పడాలో వస్తుంది: 6 నుంచి 12 అయితే ప్రతి ఇద్దరికీ ఒక దెబ్బ ఖాయం, 13 గానీ 14 గానీ అయితే ప్రతి ముగ్గురికీ ఒకటి. అస్థిపంజరానికి +4, ఫైటర్‌కి 18, కావలసింది 14, కాబట్టి ఆరుగురికి రెండు దెబ్బలు. విడిగా పాచికలు వేసినా సగటు 2.1, కాబట్టి పట్టిక నిజాయితీగానే ఉంది.

వేగం అద్భుతం, గుంపు టర్న్ ఒక నిమిషంలోపే. కానీ పాచిక పడే చప్పుడుతో వచ్చే టెన్షన్ పోయింది, క్రిటికల్ లేదు, పూర్తిగా తప్పిపోవడమూ లేదు. ఆరుకి మించిన గుంపులకి మాత్రమే వాడతాను. పదిమందితో వచ్చే పోరాటంలో ఒక పెద్ద శత్రువు కూడా ఉంటే అతనికి వేరే క్లిప్పు పెడతాను, చక్రం మీద అతన్నీ ఒక గుంపుగానే లెక్కేస్తాను. లెజెండరీ యాక్షన్లు ఉన్న మాన్‌స్టర్ అయితే ఇంకొకరి టర్న్ చివర్లో తనే చొరబడుతుంది కాబట్టి దాని పని చక్రం చూసుకోనక్కర్లేదు.

ఇంకో చిక్కు ఇక్కడే తేలింది: చచ్చేవాళ్లు చావగా ఎరుపులో ఒకటి, నీలంలో రెండు మిగిలాయి. మూడింటి కోసం రెండు క్లిప్పులు దండగ. కలిపేయాలంటే ఎటు కలపాలి? ఇంకా ఆడని గుంపు చోటుకి చేరిస్తే ఇప్పుడే ఆడినది మళ్లీ ఆడేస్తుంది, ఇది కుదరదు. అందుకే ఇప్పుడే ఆడిన గుంపు చోటుకే రెండో గుంపుని చేరుస్తున్నాను. వాటికి సగం చక్రం ఆలస్యమవుతుంది, ఆ సమయంలో వెనక్కి తగ్గి గుమిగూడుతున్నట్టు వర్ణిస్తాను. రెండు గుంపుల్లో కలిపి ముగ్గురు మిగిలినప్పుడు కలపడం, ఇది రాసుకున్న నియమం.

ఎనిమిదో వారం

గుంపుల్ని దేన్ని బట్టి విడగొట్టాలన్న దానిమీద నా అభిప్రాయం మారింది. మొదట ఆయుధాన్ని బట్టి విడగొట్టేవాణ్ని, విల్లు పట్టినవాళ్లు ఒకటి, కత్తి పట్టినవాళ్లు ఒకటి. కానీ అప్పుడు కత్తి పట్టిన ఆరుగురూ కలిసే వస్తారు, ఉపయోగం లేదు. ఇప్పుడు పటం మీద ఎక్కడున్నారో దాన్ని బట్టి: ఎడమ తలుపు నుంచి వచ్చినవాళ్లు ఎరుపు, మెట్ల మీద ఉన్నవాళ్లు నీలం. చక్రం చూడగానే ప్లేయర్‌కి ప్రమాదం ఎటునుంచి వస్తోందో తెలిసిపోతుంది, "తర్వాత నీలం, వాళ్లు మెట్ల మీదున్నారు, నేను స్తంభం వెనక్కి వెళ్తా" అని ముందే అనుకోగలుగుతున్నారు.

ఈ వారం మొదటి పోరాటాన్నే మళ్లీ పెట్టాను, చెప్పి మరీ. ఎనిమిది మంది గోబ్లిన్లు, నలుగురు ఎరుపు, నలుగురు నీలం. ఆమె కొత్త విజార్డ్‌తో వచ్చింది, అదే మూడో లెవెల్, అవే 20 హిట్ పాయింట్లు, అదే ఆర్మర్ క్లాస్ 15. ఎరుపుకి మొత్తం 20 పడి అందరికంటే ముందు వచ్చింది. నలుగురూ ఆమె మీదికే వెళ్లారు, నేను చేయి వెనక్కి తీసుకోలేదు. రెండు తగిలాయి, 20లో 9 మిగిలాయి. తర్వాత ఆమె టర్న్. వెనక్కి జరగలేదు. మెట్ల మీదున్న నీలం గుంపు మీద స్లీప్ అనే నిద్ర మంత్రం వేసింది, ఐదు డీ8లు (ఎనిమిది ముఖాల పాచికలు) కలిపి 23 వచ్చాయి, ఒక్కో గోబ్లిన్‌కి ఉన్న 7 హిట్ పాయింట్ల చొప్పున ముగ్గురు నిద్రపోయారు. క్లెరిక్ ముందుకొచ్చి ఆమెకి అడ్డంగా నిలబడ్డాడు. ఆ తర్వాత నీలం టర్న్‌లో ఆడటానికి మెలకువగా మిగిలింది ఒక్కడే, వాడు నిద్రపోతున్న పక్కవాణ్ని తట్టి లేపడానికే తన యాక్షన్ ఖర్చుపెట్టాడు.

రౌండ్‌కి ఎనిమిది నిమిషాలు పట్టింది, ఒకే గుంపుతో ఆడిన నాటికంటే ఒక్క నిమిషమే ఎక్కువ.

ఇంకా చేయాల్సినవి ఉన్నాయి. ఐదుగురు ప్లేయర్లైతే పంపకం రెండూ మూడూ అవుతుంది, ఎక్కువ మంది ఉన్న గుంపు తర్వాత ముగ్గురుండేలా పెట్టాలా, దాని ముందు ముగ్గురుండేలా పెట్టాలా అన్నది ఆడి చూడాలి. జాంబీలు, తోడేళ్లు కలిసి వచ్చినప్పుడు ఎవరి బోనస్‌తో పాచిక వేయాలన్నది కూడా, ఒకదానికి −2, ఇంకోదానికి +2. ప్రస్తుతానికి వేగంగా ఉండేవాటితోనే వేస్తున్నాను, మెల్లగా ఉండేవి ఎదురుగా కూర్చుంటాయి. అట్ట అంచు క్లిప్పుల నొక్కుడికి అరుగుతోంది, వచ్చే వారం పలుచటి చెక్క మీద మళ్లీ కోస్తాను, ఈసారి 30 సెంటీమీటర్లు.